ముడి చమురు ఎగుమతులు పెరిగాయన్న వార్తను బట్టి లారీ బాడుగ ఒప్పందం రాసుకోవడం ఎలా?

చిత్తూరు చుట్టుపక్కల లారీలు నడిపేవారికీ, తోతాపురి మామిడి గుజ్జు పరిశ్రమలవారికీ, తిరుపతి నుంచి చెన్నైకీ బెంగళూరుకీ సరుకు పంపే వర్తకులకూ డీజిల్ ఖర్చే నెల లెక్కను నిర్ణయిస్తుంది. ఎక్కడో యుద్ధం వచ్చి చమురు సరఫరా దెబ్బతిన్నదన్న వార్త వెనుకనే, ఫలానా దేశపు ముడి చమురు ఎగుమతులు రికార్డు స్థాయికి చేరాయన్న వార్త కూడా వస్తుంది. మొదటిది చదివి బాడుగ అమాంతం పెంచేవారూ ఉన్నారు, రెండవది చదివి ఆరు నెలలకు ఒకే రేటు రాసిచ్చేవారూ ఉన్నారు. ఈ రెండవ వార్తను నమ్ముకున్నవారికే నష్టం ఎక్కువని నా అభిప్రాయం. అందుకే దాన్ని ఏ వరుసలో పరిశీలించాలో, ఒప్పందంలో దానికి ఎంత చోటివ్వాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా పోయిన సరఫరానూ, పెరిగిన ఎగుమతినీ ఒకే కొలతలోకి తెచ్చుకోవాలి. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు; ఒక టన్ను ముడి చమురు దాదాపు 7.33 బ్యారెళ్లు. వార్తలో ఏ కొలత ఉన్నా రోజుకు ఎన్ని లక్షల బ్యారెళ్లో లెక్కగట్టి పక్కపక్కన రాసుకోండి. గల్ఫ్ దేశాల చమురు బయటికి వచ్చే ఇరుకు సముద్ర మార్గమైన హార్ముజ్ జలసంధి గుండా 2024లో ముడి చమురు, ఇతర పెట్రోలియం ఉత్పత్తులు కలిపి రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్లు, అంటే ప్రపంచ వినియోగంలో ఐదో వంతు, రవాణా అయ్యాయి. అమెరికా 2023లో చేసిన మొత్తం ముడి చమురు ఎగుమతి రోజుకు 41 లక్షల బ్యారెళ్లు. అది మరో పది లక్షలు పెరిగిందని చదివినప్పుడు, హార్ముజ్‌లో అడ్డంకి వస్తే పూడ్చవలసిన లోటు ముందు ఆ పది లక్షలు ఎంతో వెంటనే తెలుస్తుంది. హార్ముజ్‌ను తప్పించుకునే పైపులైన్లు సౌదీ అరేబియాకూ, యూఏఈకీ ఉన్నాయి కానీ, సౌదీ పైపులైన్ ఎర్ర సముద్రం ఒడ్డునున్న యాన్బూకు చేరుతుంది. అక్కడి నుంచి మన దేశానికి రావాలంటే ఆ నౌక బాబ్ ఎల్ మందెబ్ జలసంధిని దాటాలి. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు నౌకలపై దాడులు చేసింది ఆ దారిలోనే.

తరువాత అడగవలసిన ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది: పెరిగిన చమురు కొత్తగా బావిలో నుంచి వచ్చిందా, లేక నిల్వల్లో నుంచి తీసిందా? ఉక్రెయిన్‌పై రష్యా దాడి తరువాత, 2022 మార్చి 31న అమెరికా తన వ్యూహాత్మక నిల్వల (అత్యవసరానికి ప్రభుత్వం దాచి ఉంచే చమురు) నుంచి 18 కోట్ల బ్యారెళ్లను విడుదల చేస్తామని ప్రకటించింది. ఆ ఏడాదే దాని ఎగుమతులు అప్పటి రికార్డుకు, రోజుకు దాదాపు 36 లక్షల బ్యారెళ్లకు, పెరిగాయి. మరుసటి ఏడాదికి ఆ నిల్వలు 1980ల తొలినాళ్ల తరువాత ఎన్నడూ లేనంత తక్కువకు దిగాయి. నిల్వలోంచి తీసిన చమురు అప్పటికి మార్కెట్‌ను ఆదుకుంటుంది. అయితే ఆ నిల్వను మళ్లీ నింపుకోవలసిన రోజు వస్తుంది, అప్పుడు అమ్మిన దేశమే కొనుగోలుదారుగా మారుతుంది. కాబట్టి ఎగుమతి అంకె పక్కన ఉత్పత్తి, నిల్వ, దిగుమతి అంకెలు మూడింటినీ చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. దిగుమతి ఎందుకంటే, అమెరికా ఒక చేత్తో తేలిక రకం చమురు అమ్ముతూనే, తన రిఫైనరీలకు సరిపడే బరువు రకాన్ని రోజుకు 60 లక్షల బ్యారెళ్లకు పైగా బయటి నుంచి కొంటోంది.

ఈ అంకెలను అమెరికా ఇంధన సమాచార సంస్థ సాధారణంగా ప్రతి బుధవారం విడుదల చేస్తుంది; మనకు అది రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ. ఒక్క వారం అంకెను మాత్రం నమ్మవద్దు. ఒక పెద్ద ట్యాంకర్ నౌక 20 లక్షల బ్యారెళ్లు మోస్తుంది, అది శుక్రవారానికి బదులు శనివారం బయలుదేరితే చాలు, ఆ వారం ఎగుమతి సగటు రోజుకు దాదాపు 2.85 లక్షల బ్యారెళ్లు మారిపోతుంది. అదే నివేదికలో ఉండే నాలుగు వారాల సగటునే తీసుకోండి.

దారి మళ్లిన చమురును కొత్త చమురుగా లెక్కించడం మరో పొరపాటు. 2022కు ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు, 2023 నాటికి మూడో వంతు దాటింది. యూరప్ వద్దన్న చమురే చాలావరకు ఇటు మళ్లింది. దూరం కూడా చూడాలి. గల్ఫ్ నుంచి మన పడమటి తీరానికి వారం లోపే చేరే సరుకు, అమెరికా రేవుల నుంచి ఆఫ్రికా చుట్టి రావడానికి నెలన్నర దాకా పడుతుంది.

ఇక బంకు ధర సంగతి. పెట్రోలియం మంత్రిత్వ శాఖకు చెందిన ప్రణాళిక, విశ్లేషణ విభాగం ‘ఇండియన్ బాస్కెట్’ పేరుతో మన రిఫైనరీలు కొనే ముడి చమురు సగటు ధరను ప్రకటిస్తుంది. మనం చూడవలసిన ధర అదే. డాలరు 90 రూపాయలు అనుకుంటే, బ్యారెల్‌పై 10 డాలర్ల పెరుగుదల లీటరు ముడి చమురుపై సుమారు 5 రూపాయల 66 పైసలు. రాష్ట్రంలో డీజిల్‌పై వ్యాట్ శాతంగానూ ఉంది, లీటరుకు నిర్ణీత మొత్తంగానూ ఉంది. శాతం భాగం మూల ధరతో పాటే పెరుగుతుంది. అయితే ధరను రోజూ సవరించే విధానం 2017 జూన్ 16 నుంచి ఉన్నా, బంకు ధర బాస్కెట్ వెంట రోజూ నడవదు. నాలుగు నెలలకు పైగా కదలని ధర, 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపు లీటరుకు 10 రూపాయల దాకా పెరిగింది. ఆ రెండు వారాల్లో స్థిర బాడుగకు కట్టుబడిన చిన్న లారీ యజమానికి తేరుకునే వ్యవధి ఎక్కడుంటుంది?

అందువల్ల ధర ఎటు పోతుందో ఊహించే బదులు, పోయినప్పుడు ఏం చేయాలో ఒప్పందంలోనే రాసుకోవడం మేలు. ఆధార ధరగా ఒప్పందం రోజున చిత్తూరు బంకులో ఉన్న డీజిల్ ధరను, తేదీతో సహా, రాయండి. ఊరి పేరు తప్పనిసరి. పలమనేరు దాటి కర్ణాటకలోనో, తమిళనాడు సరిహద్దు దాటాకో ట్యాంకు నింపుకుంటే ధర తక్కువ కనుక, ఊరు రాయకపోతే తరువాత తగాదా వస్తుంది. లోడుతో, ఖాళీతో కలిపి లీటరుకు 4 కిలోమీటర్లు వస్తుందనుకుంటే, చెన్నైకి పోనురాను సుమారు 310 కిలోమీటర్లకు 77.5 లీటర్లు కావాలి. డీజిల్ ఒక రూపాయి మారితే ఒక ట్రిప్పుకు 77.50 రూపాయలు, పది రూపాయలు మారితే 775. ఆధార ధరకు రెండు రూపాయలు మించి తేడా వస్తే, పెరిగినా తగ్గినా, ఈ లెక్కన బాడుగ సవరించాలని రాసుకోండి. తగ్గినప్పుడు తగ్గించే షరతు లేకపోతే సరుకుదారు సంతకం పెట్టడు, అతను పెట్టకపోవడం న్యాయమే.

గుజ్జు ఎగుమతిదారులు సముద్ర రవాణాను ఇందులో కలపకుండా వేరుగా రాసుకోవాలి. సౌదీ రేవు జెడ్డాకు పంపేవారికి ఎర్ర సముద్రం, దుబాయ్ రేవు జెబెల్ అలీకి పంపేవారికి హార్ముజ్ ముఖ్యం. యూరప్‌లోని రోటర్‌డామ్ రేవుకు పంపేవారికి నౌక ఎర్ర సముద్రాన్ని తప్పించుకుని ఆఫ్రికా చుట్టి పోతే పది రోజులకు పైగా ఆలస్యం తప్పదు. తోతాపురి కాయ జూన్‌లో ఫ్యాక్టరీల గేట్ల ముందు బారులు తీరాక బేరమాడే తీరిక ఎవరికీ ఉండదు కనుక, ఈ షరతులన్నీ మే నెల లోపే కాగితం మీదికి రావాలి.