ఇండియాకి వచ్చి, చిన్న ఊళ్లో ఉంటూ విదేశీ కంపెనీకి పని చేయడం: వచ్చి దిగకముందే చూసుకోవాల్సినవి

• రోజులు లెక్కపెట్టుకోండి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇండియాలో 182 రోజులు ఉంటే పన్ను చట్టం మిమ్మల్ని ఇక్కడి నివాసిగా చూస్తుంది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన ఎన్నారైలకు ఆ హద్దు 120 రోజులకే రావచ్చు. జీతం డాలర్లలో పడుతోంది కదా, ఇక్కడ పన్ను ఉండదులే అన్న ధీమా పనికిరాదు.

• విదేశీ పాస్‌పోర్టు ఉంటే, మీరు దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు మీ వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. చాలామంది ఓనర్లకు ఈ సంగతే తెలియదు, అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పండి.

• నెట్ గురించి బ్రోకర్‌ని కాదు, పక్కింటివాళ్లను అడగండి. రెండో కనెక్షన్ వేరే కంపెనీది తీసుకోండి.

• ఇన్వర్టర్‌కి రూటర్ కూడా కలపండి. అమెరికా షిఫ్టు వాళ్లకు మరీ ముఖ్యం: గాలివానకి కరెంటు పోయేది సరిగ్గా మీటింగు వేళకే!