సముద్రం లేని ఊళ్లో మంచి సుషీ: కొలంబస్‌లో వెతికే పద్ధతి

న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి మహానగరాలలో జపాన్ వంటకమైన సుషీ మంచిది కావాలంటే పెద్దగా వెతకనక్కరలేదు. ఒహాయో రాజధాని కొలంబస్ వంటి మధ్యస్థాయి నగరంలో మాత్రం వెతికే పద్ధతి తెలిసి ఉండాలి. మనవాళ్లలో చాలామంది ఫోన్‌లో రేటింగ్ చూసి బయలుదేరుతారు. ఆ రేటింగ్ ఎంతమందికి నచ్చిందో చెబుతుంది గాని, ఆ వంట రుచి తెలిసినవారికి నచ్చిందో లేదో చెప్పదు. అందుకే నేను మొదట వేసుకునే ప్రశ్న వేరు: ఈ తిండిని ఇంట్లో రోజూ తినేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కడ ఉంటున్నారు, సరుకులు ఎక్కడ కొంటున్నారు?

కొలంబస్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు హోండా కంపెనీ దగ్గర మొదలవుతుంది. నగరానికి వాయవ్యంగా ఉన్న మేరీస్‌విల్‌లో ఆ సంస్థ 1979లో మోటారు సైకిళ్లు, 1982లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. ఉద్యోగాల మీద వచ్చిన జపాన్ కుటుంబాలు కొలంబస్ శివారైన డబ్లిన్‌లోనూ ఆ చుట్టుపక్కలా స్థిరపడ్డాయి. వాళ్ల అవసరం కొద్దీ ఓల్డ్ హెండర్సన్ రోడ్డు మీద టెన్సుకే మార్కెట్ అనే జపాన్ సరుకుల దుకాణం, దాని పక్కనే సుషీ రెస్టారెంటు, బేకరీ వెలిశాయి. ఇప్పుడు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉంటున్నది కూడా ఆ డబ్లిన్, పావెల్ ప్రాంతాలలోనే కాబట్టి, ఇది మనకు దూరాభారం కాదు.

అటువంటి దుకాణానికి శనివారం ఉదయం ఒకసారి వెళ్లి, చేపలు పెట్టిన చోట కాసేపు నిలబడి చూడండి. పెద్దవాళ్లు ట్రేను కొంచెం వంచి, అడుగున నీరు ఊరిందా లేదా అని చూసి మరీ తీసుకుంటారు. బిల్లు కట్టేటప్పుడు వాళ్లను "మీరు బయట తినాలంటే ఎక్కడికి వెళతారు?" అని మర్యాదగా అడిగితే, దాదాపు ఎప్పుడూ సూటిగా చెబుతారు. మిగతా ఆసియా వంటలకూ ఇదే దారి. 2008 నుంచి అమెరికాకు శరణార్థులుగా వచ్చిన నేపాలీ మాట్లాడే భూటాన్‌వాళ్లలో చాలామంది కొలంబస్ చేరుకున్నారు. మోమోలు కావాలంటే వాళ్ల కిరాణా కొట్లున్న వీధుల్లోనే వెతకాలి.

హోటల్ దొరికాక మెనూ చదవాలి. ఒకే మెనూలో సుషీ, థాయ్‌లాండ్ పాడ్ థాయ్, నూడుల్స్, చైనా తరహా ఆరెంజ్ చికెన్ అన్నీ కనబడితే, అక్కడ సుషీ తప్ప మరేదైనా తినడం మేలని నా అభిప్రాయం.

ఇక సుషీని ఎలా అంచనా వేయాలి? సుషీ అనగానే పచ్చి చేప గుర్తుకొస్తుంది గాని, ఆ మాట నిజానికి పుల్లగా కలిపిన అన్నానికి చెందినది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసినట్టే, సుషీ హోటల్ సంగతీ ఆ అన్నంలోనే తెలుస్తుంది. పొట్టి గింజ బియ్యాన్ని వండి, వేడి మీదే వెనిగర్, పంచదార, ఉప్పు కలిపి, మెతుకు చిదమకుండా ఆరబెడతారు. పులిహోర కలిపిన చేతికి ఈ పని కష్టం చెప్పనక్కరలేదు. మంచి నిగిరి (పైన చేప ముక్క వంటిది పెట్టిన చిన్న అన్నపు ముద్ద) గోరువెచ్చగా ఉంటుంది, వేళ్లతో ఎత్తితే విడిపోదు, నోట్లో పెట్టుకోగానే మెతుకు మెతుకుగా విచ్చుకుంటుంది. కొన్నేళ్ల కిందట ఒకచోట నాకు ఎర్రగా నిగనిగలాడే ట్యూనా పెట్టారు. దాని కింద అన్నం ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా, పలుకుగా ఉంది. అంత మంచి చేప ఆ అన్నంతో వృథా అయిపోయిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చేప విషయంలో "ఫ్రోజెన్" అన్న మాటకు భయపడకండి. చేపలో పురుగులు ఉండే అవకాశం ఉంది కనుక, పచ్చిగా వడ్డించే చాలా రకాలను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల వద్ద గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొన్ని ట్యూనా రకాలకు మినహాయింపు ఉంది. "సుషీ గ్రేడ్" అన్న ముద్రకు మాత్రం చట్టపరమైన నిర్వచనమేదీ లేదు. దానికి బదులు, చేప ఏ రోజుల్లో వస్తుందో అడిగి ఆ రోజు సాయంత్రం వెళ్లండి. గర్భిణులు పచ్చి చేప తినకూడదు.

శాకాహారులు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. కీరదోస, అవకాడో, ముల్లంగి ఊరగాయ పెట్టిన సుషీ రోల్స్ సాధారణంగా ఇబ్బంది లేనివి. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మీసో సూప్‌లో మాత్రం మామూలుగా ఎండుచేపతో కాచిన దాషీ అనే రసం ఉంటుంది. ఇనారి సుషీకి వాడే తీపి టోఫూ సంచిని కూడా తరచుగా అందులోనే ఉడికిస్తారు. థాయ్ కూరల్లో చేప సాస్, వియత్నాం ఫో అనే నూడుల్స్ సూప్‌లో గొడ్డు ఎముకల రసం సాధారణంగా ఉంటాయి. "మాంసం ఉందా?" అని అడిగితే లేదంటారు, అందువల్ల "రసం దేనితో కాచారు?" అని అడగాలి.

కొలంబస్ నగర పరిధిలోని హోటళ్ల గుమ్మం దగ్గర ఆరోగ్యశాఖ తనిఖీ బోర్డు ఉంటుంది. ఆకుపచ్చ బోర్డు ఉంటే లోపలికి వెళ్లండి. మొదటిసారి బల్ల దగ్గర కాకుండా, సుషీ చేసే మనిషి ఎదుట కౌంటర్ దగ్గర కూర్చుని, ఒక గుడ్డు నిగిరి, ఒక సామన్ నిగిరి మాత్రమే చెప్పండి. అన్నం బాగుంటే, ఈ రోజు ఏ చేప బాగుందో ఆయననే అడిగి మిగతావి తెప్పించుకోండి.