కట్టెల గుట్ట దగ్గర చేరిన ఫ్లీలను వదిలించుకోవడం ఎలా

ఇంటి వెనక కాంపౌండ్ గోడకు ఆనించి పేర్చిన కట్టెల దగ్గరకు వెళ్లి వచ్చినప్పుడల్లా చీలమండల చుట్టూ చిన్న ఎర్రటి దద్దుర్లు గుంపుగా లేస్తుంటే, మొదట అనుమానించవలసింది ఫ్లీలను, అంటే కుక్కలు, పిల్లులు, ఎలుకల ఒంటి మీద చేరి నెత్తురు తాగే చిన్న గెంతే పురుగులను. హైదరాబాద్‌లో ఇల్లు కట్టగా మిగిలిన సెంట్రింగ్ చెక్కలు, పాత గుమ్మాలు, సరుగుడు గుంజలు, పెళ్లి వంటకు అడితి నుంచి తెప్పించిన కట్టెలు ఏళ్ల తరబడి ఒకే మూలన పడి ఉండడం మామూలే. ఫ్లీలు చెక్కను తినవు, చెక్క లోపల నివసించవు. గుట్ట కింది నీడకు, చల్లదనానికి వీధికుక్కో పిల్లో పందికొక్కో వచ్చి పడుకుంటుంది, దాని ఒంటి మీది ఫ్లీలు పెట్టే గుడ్లు అక్కడే రాలిపోతాయి. అందువల్ల కట్టెల మీద మందు కొట్టడంతో పని మొదలుపెట్టడం తలకిందుల పద్ధతి. ముందు జంతువుల సంగతి, తరువాత నీడ, ఆఖరున మందు అన్న వరుసనే పాటించాలి.

పని మొదలుపెట్టే ముందు అవి ఫ్లీలేనని తేల్చుకోవాలి. పిడుదు నెమ్మదిగా పాకి చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది. ఫ్లీకి రెక్కలు లేకపోయినా గెంతుతుంది, 2-3 మిల్లీమీటర్ల పొడవుతో, ముదురు గోధుమ రంగులో, రెండు పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉంటుంది. తెల్లటి సాక్సులు మోకాళ్ల దాకా లాక్కుని గుట్ట చుట్టూ నెమ్మదిగా నడిస్తే, అవి నల్లటి చుక్కల్లా సాక్సుల మీదికి దూకడం కనిపిస్తుంది. జంతువు పడుకునే చోటి నుంచి చిటికెడు దుమ్ము తీసి తడిపిన తెల్ల కాగితం మీద చల్లండి. అందులోని నల్లటి నలకల చుట్టూ కాసేపటికి తుప్పు రంగు ఎరుపు పాకితే, అది ఫ్లీల మలం, అంటే అరిగిన నెత్తురు. గుడ్ల నుంచి వచ్చే లార్వాలకు అదే ఆహారం.

పెద్ద ఫ్లీలు మనకు కనిపించే భాగం మాత్రమే. వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా గుడ్లు, లార్వాలు, ప్యూపాలు (లార్వా గూడు అల్లుకుని లోపల ఫ్లీగా మారే దశ) ఆ దుమ్ములోనే ఉంటాయి. లార్వా తెల్లటి సన్నని పురుగు, వెలుతురంటే పడదు, తేమ తగ్గినా వేడి 35 డిగ్రీలు దాటినా బతకడం దానికి కష్టం. ప్యూపా మాత్రం మొండిది. అది అల్లుకునే పట్టుగూటికి దుమ్ము అంటుకుని మట్టిలో కలిసిపోతుంది, ఏ మందూ ఆ గూట్లోకి సరిగా దిగదు. వేడి, అలికిడి, మన ఊపిరి తగిలేదాకా లోపలి ఫ్లీ వారాలు, ఒక్కోసారి నెలలు కూడా బయటికి రాకుండా ఉండగలదు. చాలాకాలంగా ఎవరూ తిరగని మూలకు వెళ్లగానే ఒక్కసారిగా మీద పడడానికి కారణం ఇదే.

ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే పశువైద్యుడికి చూపించి, బరువుకు తగిన ఫ్లీ మందు వేయించండి. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకువెళ్లినా సరే. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం కావచ్చు కాబట్టి ఒకదానిది మరొకదానికి వేయకండి. వీధికుక్కను తరిమేయడం వల్ల ప్రయోజనం లేదు, అది పోయినా ప్యూపాలు అక్కడే ఉంటాయి, ఆకలితో బయటికి వచ్చే ఫ్లీలకు అప్పుడు మనుషులే దొరుకుతారు. ఆ కుక్కకు రోజూ అన్నం పెట్టేవారు వీధిలో ఎవరో ఒకరు ఉంటారు, వారితో మాట్లాడి మందు వేయించడమే మేలు.

ఇక గుట్టను విప్పాలి. మన దగ్గర ఇందుకు ఏప్రిల్, మే నెలల ఎండను మించిన సాయం లేదు. వానాకాలంలో అయితే రెండు మూడు రోజులు తెరిపి ఇచ్చే సమయం చూసుకోండి. పొడవు చేతుల చొక్కా, సాక్సుల్లోకి దోపిన ప్యాంటు, మందపాటి చేతి తొడుగులు, బూట్లు వేసుకోండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. కట్టెల సందుల్లో తేళ్లు, కట్లపాములు కూడా ఉండవచ్చు కనుక చేతితో తీసే ముందు పొడవాటి కర్రతో కదిలించండి. పైనుంచి ఒక్కొక్క చెక్కే తీసి, దులిపి, ఎండలో విడివిడిగా పరచండి. అట్టడుగు వరసకు వచ్చేసరికి బెరడు పొడి, రంపపు పొట్టు, ఎండుటాకులు, జంతువుల వెంట్రుకలు కలిసి మెత్తటి పరుపులా కనిపిస్తాయి. అసలు శత్రువు ఆ పొరే. దానిని పారతో పూర్తిగా గీకి, మందపాటి సంచుల్లో నింపి, మూతి బిగించి, రెండు మూడు రోజులు ఎండలో ఉంచి చెత్తబండికి ఇవ్వండి. పక్కవారి స్థలంలోకి గోడ మీదుగా విసరడం, తగలబెట్టడం రెండూ తప్పే. తరువాత నేలను తిరగదోడి ఎండకు వదిలేయండి. ఎయిర్ కూలర్ నీళ్లు గానీ, కారే కుళాయి నీళ్లు గానీ అటు పారుతుంటే ముందు అది సరిచేయండి, లేకపోతే చేసిన శ్రమంతా వృథా.

ఇంత చేశాక మందు చాలా తక్కువ చోటే అవసరమవుతుంది. గోడ మొదలు, మెట్ల కింద, ఎండ తగలని మూలల్లో మాత్రమే, ఫ్లీలకు పనికొస్తుందని లేబుల్ మీద రాసి ఉన్న మందును, అందులో చెప్పిన మోతాదులోనే కొట్టండి. పైరిప్రాక్సిఫెన్ లాంటి ఎదుగుదలను ఆపే మందు కలిసినది దొరికితే లార్వాలు పెద్ద ఫ్లీలు కాకుండా ఆగుతాయి. రెండు వారాల తరువాత, లేబుల్ అనుమతిస్తే, మరోసారి కొట్టాలి. మధ్యలో కొత్త ఫ్లీలు కనిపిస్తే మందు పనిచేయలేదని కంగారుపడి మోతాదు పెంచకండి, అవి గూళ్ల నుంచి అప్పుడే బయటపడినవి. పొయ్యిలో పెట్టే కట్టెల మీద ఏ పురుగుమందూ పడకూడదు, ఆ పొగ మనమే పీలుస్తాం. పొలానికి తెచ్చి మిగిలిన మందును ఇంటి ఆవరణలో చల్లడం అంతకన్నా ప్రమాదకరం. ఫినాయిల్ చల్లడం, వేపాకు పొగ వేయడం వల్ల మట్టిలోని ప్యూపాలు చావవు.

కట్టెలను మళ్లీ పేర్చేటప్పుడు ఇటుకల మీద జానెడు ఎత్తున, గోడకు మూరెడు దూరంలో, గాలి ఆడేలా పేర్చండి. టార్పాలిన్‌తో చుట్టూ కప్పేయకుండా, పైన మాత్రమే రేకు వేయండి. అడుగు ఖాళీని సన్న కన్నుల ఇనుప వలతో మూసేస్తే పిల్లులు, పందికొక్కులు దూరవు. ఎప్పటికీ వాడని చెక్కను ఇచ్చేయడం అన్నిటికన్నా మంచి పని.

ఎలుకలు ఉంటే మాత్రం తొందరపడి విషం పెట్టకండి. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే దాని మీది ఫ్లీలు మరో ఒంటిని వెతుక్కుంటాయి, ఎలుకల ఫ్లీలు టైఫస్ జ్వరాన్ని మోసుకురాగలవు. ఫ్లీల పని పట్టాకే బోను పెట్టండి, దొరికిన ఎలుకను చేతితో తాకకండి. ఈ పనుల తరువాత రెండు వారాల లోపు ఎవరికైనా జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తే, ఫ్లీలు కుట్టిన విషయం వైద్యుడికి ముందే చెప్పండి. సమయానికి గుర్తిస్తే ఆ జ్వరానికి మందు ఉంది.