రాతిపొరల కాలనిర్ణయం – 4వ పాఠం: కచ్ అమ్మోనైట్లు

గత పాఠంలో అమ్మోనైట్ (అంతరించిపోయిన, చుట్టగా పెరిగే గుల్ల గల సముద్రజీవి) గుల్ల మీది చుట్లను, నడిమి గుంట అయిన నాభిని, గట్లను, లోపలి గదుల గోడలు గుల్లను తాకే చోట కనిపించే కుట్టురేఖలను గుర్తించడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ గుర్తులతో ఒక పొర కాలాన్ని నిర్ణయించాలి. ఇందుకు గుజరాత్‌లోని కచ్ ప్రాంతాన్ని మించిన చోటు మన దేశంలో లేదని నా అభిప్రాయం. అక్కడి అమ్మోనైట్లను శిలాజ శాస్త్రవేత్త వాగెన్ 1873–75లో వర్ణించగా, 1927–33 మధ్య మరో శిలాజ శాస్త్రవేత్త స్పాత్ వాటిని తిరిగి పరిశీలించి సవరించాడు.

భుజ్‌కు వాయవ్యంగా ఉన్న జుమారా వద్ద పొరలు గుమ్మటంలా పైకి ఉబ్బి, తరువాత కోతకు గురయ్యాయి. అందువల్ల నడుమ అతి పాత పొరలు బయటపడ్డాయి. అక్కడినుంచి అంచువైపు నడిచేవారు క్రమంగా కొత్త పొరల్లోకి వెళతారు. దారిలో మొదట మాక్రోసెఫలైటిస్ అనే అమ్మోనైట్ ఎదురవుతుంది. ఇది ఉబ్బిన గుల్ల, నాభి చిన్నది, సన్నని గట్లు వెలుపలి అంచును తెగకుండా దాటుతాయి. దానికి పైన రైనెకియా ప్రబలుతుంది. దీని చుట్లన్నీ బయటికి కనిపిస్తాయి, గట్ల మీద బొడిపెలుంటాయి, వెలుపలి అంచు నడుమ గట్లు తెగిపోయి గాడి ఏర్పడుతుంది. ఇంకా పైన, మోటైన గట్లతో పెల్టోసెరాస్ వస్తుంది. ఈ మూడూ వరుసగా జురాసిక్ యుగంలోని కల్లోవియన్ దశ తొలి, నడిమి, చివరి భాగాలను సూచిస్తాయి. వాటి మీద ఉన్న ధోసా ఊలైట్ (చిన్న గుండ్రని రేణువులతో ఏర్పడిన రాయి) పొర తరువాతిదైన ఆక్స్‌ఫర్డియన్ దశకు చెందినది.

అయితే ఒక్క గుల్లను చూసి కాలం తేల్చకూడదు. ధోసా ఊలైట్‌లో దొరికే మయాయిటిస్ కూడా ఉబ్బిన గుల్లే, దాని నాభీ చిన్నదే. పైపైన చూస్తే మాక్రోసెఫలైటిస్ అనే అనిపిస్తుంది. ఈ పోలికను నమ్మినవారు ఆక్స్‌ఫర్డియన్ పొరను తొలి కల్లోవియన్‌కు దించి, లక్షల ఏళ్ల పొరపాటు చేస్తారు. కాబట్టి కుట్టురేఖలను పోల్చి చూడాలి, అదే పొరలో ఉన్న తోటి జాతులను నమోదు చేయాలి, కింది పొరలో, పై పొరలో ఏమున్నాయో రాసుకోవాలి. మాక్రోసెఫలైటిస్ విషయంలో మరో జాగ్రత్త కూడా ఉంది. కచ్‌లో ఈ ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) కల్లోవియన్‌కు ముందరి బాథోనియన్ చివరి భాగంలోనే కనిపిస్తుంది. కనుక ప్రజాతి పేరు ఒక్కటే చాలదు, జాతిని కూడా గుర్తించాలి.

గుల్ల పొరలో నాటుకుని ఉన్నప్పుడే అది సాక్ష్యం అవుతుంది. మన ఇళ్లలో పూజలందుకునే గండకీ సాలగ్రామాల్లో అనేకం జురాసిక్ అమ్మోనైట్లే. కానీ నదిలో దొర్లి వచ్చిన రాయి తన కాలాన్ని చెప్పగలదే గాని, తాను ఏ పొర నుంచి ఊడిందో చెప్పలేదు. వాలు మీద రాలి పడిన ముక్కలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

అమ్మోనైట్లు ముందువెనుకల క్రమాన్నే ఇస్తాయి. కల్లోవియన్ సుమారు 16.5 కోట్ల ఏళ్ల కిందట మొదలై, దాదాపు 40 లక్షల ఏళ్లు సాగిందనే అంకెలకు మూలాధారం రేడియోధార్మిక ఖనిజాల కొలతలు. వాటి సంగతి 6వ పాఠంలో చూద్దాం.

ఇప్పుడు ఒక అభ్యాసం. ఒక వాలులో కింది నుంచి పైకి నాలుగు పొరలున్నాయనుకోండి. మొదటి దానిలో మాక్రోసెఫలైటిస్ మాత్రమే ఉంది, జాతి తెలియదు. రెండో దానిలో ఆల్చిప్పలు తప్ప అమ్మోనైట్లు లేవు. మూడో దానిలో రైనెకియా ఉంది. నాలుగోది గులకరాళ్ల పొర. దానిలో అరిగిన పెల్టోసెరాస్ ముక్కలూ, చెక్కుచెదరని మయాయిటిస్ గుల్లలూ కలిసి ఉన్నాయి. మొదటి పొర బాథోనియన్ చివరిదైనా, తొలి కల్లోవియన్‌దైనా కావచ్చు. అంతకు మించి బిగించి చెప్పరాదు. రెండో పొర వయసు, మధ్యలో పొరలు తలకిందులు కాలేదని రూఢి చేసుకున్న తరువాత, మొదటి, మూడో పొరల మధ్య ఇమిడిపోతుంది. నాలుగో పొరను ఆక్స్‌ఫర్డియన్‌గా రాయాలి; ఎందుకంటే పాత పొర కోతకు గురైనప్పుడు దాని గుల్లలు కొత్త పొరలో చేరగలవు గాని, ఇంకా పుట్టని జీవి గుల్ల పాత పొరలో చేరే వీలు లేదు.