వీడియోలో మాట స్పష్టంగా వినబడాలంటే: ఆడియో లెవెల్స్ సరిచేయడం ఎలా?

పోయిన సంక్రాంతికి మా పిన్ని సున్నుండలు చేస్తుంటే వీడియో తీశాను. ఎడిట్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన పది నిమిషాలకే పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, మినుములు ఏ రంగు వచ్చేదాకా వేయించాలో చెప్పాను కదా, ఆ మాటే వినబడట్లేదు. మిక్సీ మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది!" అంది. నిజమే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లాప్‌టాప్ వాల్యూమ్ ఫుల్లుగా పెట్టి ఎడిట్ చేశాను. నాకు అన్నీ వినబడ్డాయి కాబట్టి అందరికీ వినబడతాయనుకున్నాను.

ఆ వీడియోనే మళ్ళీ మొదటినుంచి సరిచేస్తూ ఒంటబట్టించుకున్న పద్ధతి ఇది. నేను వాడేది డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్. మీరు ప్రీమియర్ వాడినా, ఫోన్‌లో కైన్‌మాస్టర్ వాడినా మెనూల పేర్లు మారతాయి గానీ పని వరస ఇదే: ముందు మాట, తర్వాత మిగతా చప్పుళ్ళు, చివర్లో మ్యూజిక్. నేను మొదటిసారి దీన్ని తలకిందులు చేశాను. నచ్చిన వీణ ట్రాక్ ముందే పరిచేసి, దాని మీద పిన్ని గొంతు పెంచుకుంటూ పోయాను.

1. ముందు మీటర్ వైపు చూడండి

రిజాల్వ్ ఎడిట్ పేజీలో కుడివైపు పైన మిక్సర్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ప్రతి ట్రాక్‌కీ ఒక మీటర్ కనిపిస్తుంది. అన్నిటికన్నా పైన 0, కిందికి వచ్చేకొద్దీ మైనస్ అంకెలు. ఇవి డెసిబెల్స్, అంటే శబ్దాన్ని కొలిచే అంకెలు. ఇక్కడ సున్నా అంటే నిశ్శబ్దం కాదు, పైకప్పు. శబ్దం దాన్ని దాటబోతే తరంగం తల తెగిపోతుంది. బరబరమని వినిపించేది అదే, క్లిపింగ్ అంటారు. రికార్డింగ్‌లోనే తల తెగిపోయి ఉంటే తర్వాత వాల్యూమ్ తగ్గించినా ఆ బరబర పోదు, తగ్గిన వాల్యూమ్‌లో అదే బరబర వినబడుతుంది.

అంకెల లెక్క కొంచెం తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. 6 డెసిబెల్స్ తగ్గిస్తే సిగ్నల్ సగమవుతుంది, కానీ చెవికి సగం అనిపించాలంటే దాదాపు 10 తగ్గించాలి. 1 డెసిబెల్ అటూ ఇటూ అయినా చాలామందికి తేడా తెలియదు. కాబట్టి ఆ ఒక్కదాని కోసం గంటలు కూర్చోకండి.

ఇంకో మాట. పని మొదలుపెట్టేముందు కంప్యూటర్ వాల్యూమ్‌ని మామూలుగా పాటలు వినే స్థాయిలో పెట్టి, పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. తూకం వేస్తూ మధ్యలో రాళ్ళు మార్చకూడదు కదా.

2. గొంతు రెండు చెవుల్లోనూ వస్తోందా?

కాలర్ మైకుతో తీసిన వీడియోల్లో మాట ఒక్కోసారి ఎడమ చెవిలోనే వస్తుంది. క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి, క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఆడియో ట్యాబ్ తెరవండి. ఫార్మాట్ స్టీరియోగానే ఉంచి, రెండు ఛానెళ్ళకీ గొంతు ఉన్న ఛానెల్‌నే ఎంచుకోండి. నిమిషం పని.

3. మాటని ఒక స్థాయికి తేవడం

పిన్ని పొయ్యి దగ్గర ఉన్నప్పుడు గొంతు మైనస్ 12 దగ్గర ఆడుతోంది. డబ్బాలు తేవడానికి అలమర వైపు వెళ్ళినప్పుడు మైనస్ 24కి పడిపోతోంది. మాట్లాడే మనిషికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ పోతాయి, నాలుగింతలైతే 12. నేను ఫోన్‌ని ఫ్రిజ్ మీద పెట్టిన ఫలితం ఇది.

గొంతు ఎక్కువ తక్కువలున్న చోట్ల కంట్రోల్, బి నొక్కి క్లిప్‌ని ముక్కలు చేయండి. మాటలున్న ముక్కలన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి, నార్మలైజ్ ఆడియో లెవెల్స్ ఎంచుకోండి. అందులో శాంపుల్ పీక్ పెట్టి, టార్గెట్ మైనస్ 9 ఇవ్వండి. కింద రిలేటివ్, ఇండిపెండెంట్ అని రెండుంటాయి. రిలేటివ్ అయితే ముక్కల మధ్య తేడాలు అలాగే ఉండి అన్నీ కలిసి పైకో కిందికో జరుగుతాయి. ఇండిపెండెంట్ అయితే దేనికది విడిగా సర్దుకుంటుంది. మనకిక్కడ కావాల్సింది ఇండిపెండెంట్.

అయితే దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. నార్మలైజ్ ఇలా పెడితే ఆ ముక్కలో అన్నిటికన్నా పెద్ద శబ్దాన్నే చూస్తుంది. పిన్ని మాట్లాడుతూ మాట్లాడుతూ గరిటెని మూకుడు అంచుకి టంగుమని కొట్టింది. ఆ ఒక్క టంగు మైనస్ 9కి చేరగానే సాఫ్ట్‌వేర్ పని అయిపోయిందనుకుంది, మాట మాత్రం అడుగునే ఉండిపోయింది. తరంగంలో సన్నటి ముల్లులా కనిపించే ఆ చోటుని విడిగా కోసి, ఇన్‌స్పెక్టర్‌లో (క్లిప్ సెట్టింగులు కనిపించే ప్యానెల్) వాల్యూమ్ 10, 12 తగ్గించి, ఆ తర్వాత మాట ముక్కని నార్మలైజ్ చేయండి. అదే మెనూలో ఐటీయూ బీఎస్ 1770 పేరుతో ఉన్న పద్ధతి శిఖరాన్ని కాకుండా చెవికి సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలుస్తుంది. ఇలాంటి వంటింటి రికార్డింగులకి అదే మేలు.

చివరికి చూసుకోవాల్సింది ఇది: మామూలుగా మాట్లాడుతున్నప్పుడు మీటర్ మైనస్ 18కీ 12కీ మధ్య ఆడాలి, గట్టిగా అన్న మాటలు మైనస్ 6 దాటకూడదు.

గొంతు 12 పెంచితే వెనకాల తిరిగే ఫ్యాన్ కూడా 12 పెరుగుతుంది. రిజాల్వ్‌లో ఆడియో పనికోసం ఉన్న ఫెయిర్‌లైట్ పేజీలో ఆ ట్రాక్ ఈక్వలైజర్ (మంద్ర, తార శబ్దాల్ని విడివిడిగా సర్దేది) తెరిచి, 80 హెర్ట్జ్ కంటే కిందిది కోసేసే హై పాస్ ఫిల్టర్ పెడితే ఫ్యాన్, ఫ్రిజ్‌ల గుయ్యిమనే మోత కొంత తగ్గుతుంది. మాటకి నష్టం ఉండదు. కొంత అన్నాను, పూర్తిగా కాదు. షూటింగ్ అప్పుడు ఐదు నిమిషాలు ఫ్యాన్ ఆపడానికి మించిన ఫిల్టర్ నాకింతవరకు దొరకలేదు.

4. మిక్సీ సంగతి

మిక్సీ తిరిగే ముక్కని రెండు పక్కలా కోసి 15 డెసిబెల్స్ తగ్గించాను. మొదట మ్యూట్ చేసి చూశాను గానీ, జార్‌లో మినుములు ఎగురుతుంటే శబ్దం లేకపోవడం వింతగా ఉంది, వీడియో పాడైందేమో అనిపించింది. ఆ చప్పుడు ఉండాలి, కానీ పక్కింట్లోంచి వచ్చినట్టు ఉండాలి.

కోసిన చోట శబ్దం ఠక్కున మారితే చెవికి తగులుతుంది. ఆడియో క్లిప్ పై మూలల్లో కనిపించే చిన్న తెల్లటి పిడిని లోపలికి లాగితే శబ్దం మెల్లగా తగ్గుతుంది లేదా పెరుగుతుంది. మిక్సీకి అర సెకను, మాటల మధ్య కోతలకి రెండు మూడు ఫ్రేములు చాలు.

మాటల మధ్య అనవసరమైనది తీసేసినప్పుడు వెనకాలి ఫ్యాన్ మోత కూడా తెగిపోయి, గొయ్యిలో పడ్డట్టు ఉంటుంది. అందుకే ఇప్పుడు ఎక్కడ షూట్ చేసినా ఎవర్నీ మాట్లాడొద్దని చెప్పి అర నిమిషం ఖాళీ గది శబ్దాన్ని రికార్డ్ చేసుకుంటున్నాను. ఆ ఖాళీల కింద అది పరుస్తాను. "ఏం తీస్తున్నావురా, ఎవరూ మాట్లాడట్లేదుగా?" అని మాత్రం ప్రతిసారీ అడుగుతారు.

5. మ్యూజిక్

మాట లేనిచోట మ్యూజిక్ మైనస్ 18 దగ్గర ఆడనివ్వండి. మాట వచ్చేసరికి మైనస్ 30 దాకా దిగాలి. దీనికి కీఫ్రేములు, అంటే వాల్యూమ్ ఎక్కడ ఎంత ఉండాలో చెప్పే గుర్తులు, కావాలి. మ్యూజిక్ క్లిప్ మీద అడ్డంగా ఉన్న వాల్యూమ్ గీత మీద ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే ఒక చుక్క పడుతుంది. మాట మొదలయ్యే ముందు రెండు, అయిపోయాక రెండు చుక్కలు పెట్టి, మధ్య గీతని కిందికి లాగండి. మాటకి అర సెకను ముందే దిగడం మొదలవ్వాలి, మాట అయ్యాక ఒక సెకను తీసుకుని ఎక్కాలి. ప్రీమియర్‌లో అయితే ఎసెన్షియల్ సౌండ్ ప్యానెల్‌లోని డకింగ్ (మాట వచ్చినప్పుడు మ్యూజిక్‌ని దించే సదుపాయం) ఈ చుక్కల్ని తనే పెడుతుంది.

మాటల కింద సాహిత్యం ఉన్న పాట మాత్రం వద్దు. ఎంత తగ్గించినా చెవి ఆ పాట పదాల వెనకే పరిగెడుతుంది. వేణువు, వయొలిన్ కూడా మనిషి గొంతు పలికే చోటే పలుకుతాయి కాబట్టి ఇంకా తగ్గించాల్సి వస్తుంది. అన్నీ సరిచేసినా మాట తేలకపోతే గొంతు పెంచకండి, మ్యూజిక్ ఇంకో 3 తగ్గించండి.

6. మొత్తం కలిపి

ఫెయిర్‌లైట్ మిక్సర్‌లో చివరనుండే బస్ 1లో (ట్రాక్‌లన్నీ వచ్చి కలిసే చోటు) డైనమిక్స్ తెరిచి, శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ ఆన్ చేయండి. థ్రెషోల్డ్, అంటే ఆ హద్దు, మైనస్ 2. ఎక్కడో తప్పించుకున్న గరిటె చప్పుడుని అది పట్టుకుంటుంది.

వీడియో మొత్తం ప్లే చేసి అక్కడున్న లౌడ్‌నెస్ మీటర్‌లో ఇంటిగ్రేటెడ్ అంకె, అంటే వీడియో మొత్తానికి సగటు, చూడండి. కొలమానం లఫ్స్ (LUFS), చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పేది. యూట్యూబ్ దాదాపు మైనస్ 14 లఫ్స్‌ని ప్రమాణంగా పెట్టుకుని, అంతకన్నా గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది. మెల్లగా ఉన్నవాటిని సాధారణంగా పెంచదు. మైనస్ 16, 14 మధ్య వస్తే చాలు. టీవీ లెక్క వేరు, యూరప్ ప్రసారాల్లో మైనస్ 23 పాటిస్తారు.

ఎక్స్‌పోర్ట్ చేశాక ఇయర్‌ఫోన్స్ తీసేసి ఫోన్ స్పీకర్‌లో, వాల్యూమ్ సగంలో పెట్టి, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో వినండి. చూసేవాళ్ళు వినేది అలాగే. వీడియో ఇంతకుముందు విననివాళ్ళకి కూడా వినిపించండి. పదిసార్లు విన్న మీకు ఆ మాటలు కంఠతా వచ్చేసి ఉంటాయి, వినబడకపోయినా వినబడినట్టే ఉంటుంది.

యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియోకి అదే లింకు మీద కొత్త ఫైల్ పెట్టడం కుదరదు. ముందు అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా) పెట్టి, కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. అందులో కంటెంట్ లౌడ్‌నెస్ పక్కన మైనస్ 5, 6 లాంటి అంకె కనిపిస్తే మీ వీడియో మిగతావాటికంటే మెల్లగా ఉన్నట్టు. తీసేసి, ట్రాక్‌లన్నిటినీ ఒకే కొలతలో కొంచెం పెంచి మళ్ళీ ఎక్కించండి. లింకు ఇంకా ఎవరికీ పంపలేదు కాబట్టి ఇబ్బంది ఉండదు.