ఎలక్ట్రానిక్స్ కంపెనీ వార్షిక నివేదిక చదివేదెలా?

పాలమూరులో ఉండి ఎలక్ట్రానిక్స్ కంపెనీ షేరు కొనాలనుకుంటే, ఛైర్మన్ ఫొటో పేజీలు దాటేసి నేరుగా క్యాష్ ఫ్లో పట్టికకు వెళ్లండి. లాభం ఉన్నా నగదు రాలేదంటే, డబ్బు చిప్పుల నిల్వలోనో, రావాల్సిన బాకీల్లోనో ఇరుక్కుని ఉండొచ్చు. నిల్వను ఏడాది ముడిసరుకు ఖర్చుతో భాగించి 365తో గుణించండి: 300 కోట్ల నిల్వ, 1,460 కోట్ల ఖర్చయితే 75 రోజులకు సరిపడా నిల్వ. నిరుటి కంటే పెరిగితే నోట్స్‌లో కారణం వెతకాలి. మోడల్ మారితే చాలా విడిభాగాలు తుక్కే.

తర్వాత బీఆర్‌ఎస్‌ఆర్, అంటే పర్యావరణం, సామాజిక బాధ్యతలపై కంపెనీ ఇచ్చే నివేదిక. మార్కెట్ విలువలో తొలి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి. గ్రిడ్ నుంచి కొన్న కరెంటు యూనిట్లను 0.7తో గుణిస్తే స్కోప్-2 ఉద్గారాలు (కొన్న కరెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్) కిలోల్లో సుమారుగా తేలతాయి; కోటి యూనిట్లకు 7 వేల టన్నులు. నివేదికలో బాగా తక్కువుంటే సోలార్ కరెంటు కొన్నారేమో చూడండి. బోరు నీళ్లెన్ని తోడారో కూడా చూడాలి, నల్లగొండ వైపు ప్లాంటయితే మరీను: నీటిని శుద్ధి చేసే ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.