ఏటి ఒడ్డు సైట్‌లో కారవాన్ నిలపడం ఎలా?

ఒక కుళాయి, మరుగుదొడ్డి డబ్బా పారబోసే చోటు, మిగతాదంతా గడ్డి. ఏటి ఒడ్డున కారవాన్లు, అంటే కారుకు తగిలించి లాక్కెళ్లే ఇంటిబండ్లు, నిలిపే చిన్న సైట్‌లలో చాలావాటికి ఉండేది ఇంతే. కరెంటు ఉండదు, చక్రాల కింద గచ్చు ఉండదు. ఇలాంటి చోట హాయిగా ఉంటామా, అవస్థ పడతామా అన్నది బండి ఎక్కడ ఆపామన్న దాన్నిబట్టే తేలుతుంది. అడిగేవాళ్లందరూ మాత్రం ఏ సామాను తెచ్చుకోవాలనే అడుగుతారు.

సరే, సామాను. దొర్లించుకెళ్లే 40 లీటర్ల నీళ్ల పీపా, వాడిన నీళ్లకు 20 లీటర్ల డబ్బా, చక్రాలకు అడ్డుదిమ్మలు, ఒక ర్యాంపు, అరడజను చెక్క పలకలు, రసమట్టం, టార్చి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం. చలికాలమైతే ప్రొపేన్ సిలిండరే తెచ్చుకోండి. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బ్యూటేన్ ఆవిరి కావడం మానేస్తుంది, పొయ్యి వెలగదు. అంతే.

వెలుతురు ఉండగానే చేరుకోండి. బండి గేటు దగ్గరే ఆపి, దిగి నడవండి.

ఇక అందరూ పాడుచేసే పని: చోటు ఎంచుకోవడం. ఏరు అందంగా ఉందా అని తర్వాత చూద్దురుగాని, ముందు చెత్త ఎక్కడుందో చూడండి. కంచె తీగలకు, పొదలకు ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ చిక్కుకుని ఉంటే ఏరు అంత ఎత్తుకు వచ్చి వెళ్లిందన్నమాట. మీ చక్రాలు ఆ గీతకు పైనే ఉండాలి. ఏటి వంపులో బయటి ఒడ్డును నీళ్లు కింద నుంచి కోసేస్తుంటాయి, పైకి గట్టిగానే కనిపిస్తుంది. లోపలి ఒడ్డు ఇసుకమేట, పల్లంగా ఉంటుంది కాబట్టి ముందు మునిగేది అదే. ఏ వైపైనా అంచుకు పది మీటర్ల దూరం. తొమ్మిది కాదు.

మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువన వాన పడితే ఏరు పెరుగుతుంది. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకోబోయే ముందు టార్చి వేసి చూడండి. పుల్ల మునిగినా, నీళ్లు ఎర్రబారి ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా, తెల్లారేదాకా ఆగొద్దు. ఒక అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కదిలించగలదు. కారవాన్ కూడా తేలికపాటి డబ్బానే.

తర్వాత నేల. మడమతో గట్టిగా తొక్కి తిప్పండి. నీరు ఊరితే అక్కడ వద్దు. చుట్టూ గడ్డి వాడిపోయి ఒకచోటే పచ్చగా నిగనిగలాడుతుంటే అది ఊట నేల, చూడముచ్చటగా ఉందని అక్కడే ఆపేస్తారు చాలామంది.

బండి ముక్కు, అంటే కారుకు తగిలించే కొన, గేటు వైపే ఉండాలి. పెద్ద కిటికీ సాధారణంగా ముందువైపే ఉంటుంది కనుక దాన్ని ఏటికేసి తిప్పుకుంటారు. రాత్రి వాన పడ్డాక తడిగడ్డి మీద బండిని గుండ్రంగా తిప్పలేక కారు చక్రాలు గిర్రున తిరిగి గుంతలు తవ్వుతాయి. ఏరు చూడ్డానికి పక్క కిటికీ చాలు. కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కకండి. కారును లాగే చక్రాల కింద పలకలు పెట్టి, రెండో గేరులో మెల్లగా కదలండి.

మట్టం చేయడానికి ఒక వరస ఉంది. బండి కారుకు తగిలించి ఉండగానే ముందు కుడి ఎడమలు సరిచేయాలి: పల్లంగా ఉన్న చక్రాన్ని ర్యాంపు ఎక్కించండి. హ్యాండ్ బ్రేక్ వేసి, అడ్డుదిమ్మలు పెట్టాకే కారు విప్పండి. ఆ తర్వాత జాకీ వీల్‌తో, అంటే ముక్కు కింద ఉండే చిన్న చక్రంతో, ముక్కును పైకో కిందికో తిప్పి ముందువెనకలు సరిచేయండి. బండి నాలుగు మూలల్లో కిందికి దించే కాళ్లు చిట్టచివర, కింద పలకలు వేసి. అవి బండి ఊగకుండా ఆపడానికే, ఎత్తడానికి కాదు. వాటితో ఎత్తితే కాళ్లు వంగుతాయి, చట్రం మెలిపడి తలుపు పట్టేస్తుంది. మట్టం ఎందుకంత ముఖ్యమంటే, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ వాలుగా ఉంటే లోపలి అమ్మోనియా సరిగా తిరగదు, చల్లబడదు.

ఫ్రిజ్‌ను గ్యాస్ మీదే నడపండి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి. పది ఆంపియర్లు లాగే ఫ్రిజ్ ఆ సగాన్ని అయిదు గంటల్లో ఖాళీ చేస్తుంది. చలిగాలి వస్తోందని బండి లోపలి నేలకున్న గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కొద్దు. గ్యాస్ కారితే గాలి కంటే బరువు కాబట్టి బయటికి పోయేది వాటిలోంచే. గిన్నెలు కడిగిన నీళ్లు, ‘కాస్త సబ్బే కదా’ అనుకున్నా, ఏట్లో పోయకూడదు. మరుగుదొడ్డి డబ్బా దానికి కేటాయించిన చోటే ఖాళీ చేయాలి.

వెళ్లేటప్పుడు ముందు గ్యాస్ కట్టేసి, మూలల కాళ్లు పైకెత్తండి. దిమ్మలు మాత్రం కారు తగిలించాకే తీయాలి. గట్టినేల చేరాక దిగి వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోండి, తడిగడ్డి మీద ఆగి కాదు.